తడి పడుగు

శ్రావణంలో వారం రోజులుగా పట్టిన ముసురు సరిగ్గా పున్నమి పొద్దున విడిచింది. భవాని పేట్‌లో అందరూ దేవుడి దయ అన్నారు. ఊరేగింపు కోసం వాన ఆపాడట. యమునాబాయి మాత్రం వాకిట్లోకి వచ్చి, తక్కెడ వైపు చూసినట్టు అనుమానంగా ఆకాశం వైపు చూసింది. మబ్బు లేదు. గాలి పొడిగా వస్తోంది. లోపలికి పోయి మూలనున్న గోనెసంచి ఎత్తింది. పులిసిన వాసన గుప్పున కొట్టింది.

సంచి కింద ఉన్నది పడుగు. చీరకు నిలువుగా పోయే పోగులన్నీ కలిపితే పడుగు. పచ్చి నూలు మగ్గమెక్కితే తెగుతుంది. అందుకని గంజిలో ముంచి, గల్లీ పొడుగునా కత్తెర కర్రల మీద చాపి, అది ఎండేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. దువ్వినంతసేపు ఏ పోగుకా పోగు విడిగా ఉంటుంది. తడి ఉండగా చెయ్యి ఆపినా, చుట్టి ఎత్తినా, పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడది పడుగు కాదు, మోకు. బావి దగ్గర చేదకు పనికొస్తుంది.

నాలుగు రోజుల కింద కాస్త ఎండ కనపడితే నమ్మి యమునాబాయి గంజి కాచింది. పడుగు ముంచిందో లేదో వాన మళ్ళీ దిగింది. అప్పటినుంచి పడుగు సంచి కింద తడిగానే ఉంది. ఇవాళ పులిసింది. రేపటికి బూజు. ఎల్లుండికి నూలు చేతిలో పిండి అయిపోతుంది. ఆ నూలు పోతే ఇంకో నూలు ఇచ్చేవాడు లేడు. దీపావళి దాకా ఆ ఇంటి తిండి ఆ సంచి కిందనే ఉందని అనుకోండి.

"ఇయ్యాల పున్నమ గదనే," అన్నాడు మంచంలోంచి సిద్ధరాములు. ఆమె మొగుడు. చలిజ్వరంతో రెండు బొంతలు కప్పుకొని పడున్నాడు.

"ఎరుకే."

"పల్లకి గీ గల్లీలకెల్లే వస్తది."

"అది వచ్చే యాల్లకు ఎత్తేస్తం. నువ్వు పండుకో."

"ఎవరొస్తరు దువ్వనీకి? అందరు జంధ్యాలు మార్సుకొని కూసుంటరు."

యమునాబాయి ఆడబిడ్డ సుమిత్రను లేపింది. ఇద్దరూ సంచి పట్టుకొని బయటికి తెచ్చారు.

సిద్ధరాములు అన్నదాంట్లో తప్పేం లేదు. మామూలు రోజున ఎవరి పడుగు గల్లీలోకి వచ్చినా గల్లీ అంతా లేస్తుంది. ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు, మధ్యలో అటూ ఇటూ కుంచెలు పట్టుకొని ఇంటికొకరు. కూలి లేదు, పిలుపు లేదు. ఇవాళ నీది, రేపు నాది. కానీ నారళి పున్నమి, అంటే మన జంధ్యాల పున్నమి నాడు మగ్గానికి పసుపు బొట్టు పెట్టి పడుకోబెడతారు. మగవాళ్ళు తలస్నానం చేసి కొత్త జంధ్యం వేసుకుంటారు. పల్లకి గుడికి పోయి తిరిగి వచ్చేదాకా ఎవరూ గంజి ముట్టరు. ఇది తెలంగాణ నుంచి ఈ మరాఠీ ఊరికి మోసుకొచ్చిన ఆచారం. నూలు బండ్ల మీద రాలేదు, ఇల్లు బండ్ల మీద రాలేదు, ఆచారం మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది.

కత్తెర కర్రలు పాతుతుంటే ఎదురింటి అరుగు మీంచి గంగుబాయి చూసింది. ముసలి విధవ. ఒళ్ళో చేట, చేటలో బీడీ ఆకు. ఆమె చేతులు ఏ పండుగకూ ఆగలేదు, అందుకని గల్లీలో ఆమెకు భక్తి లేదని పేరు.

"ఏందే యమునా, పున్నమ నాడు పడుగేస్తున్నవ్? నిన్ను చూస్తె నేనే భక్తురాలిని అనిపిస్తున్నది."

"పులిసిపోయిందక్కా."

గంగుబాయి చేట పక్కన పెట్టి దిగొచ్చింది. పడుగు కొస మునివేళ్ళతో పట్టి వాసన చూసింది. "నాకు కండ్లు ఆనవు, కుంచె పట్టరాదు. కర్రలు గట్టిగ పాతుత, ఇటియ్యి," అని రాయి తీసుకుంది.

ముగ్గురు ఆడవాళ్ళు చాపారు. ఇద్దరే దువ్వుతున్నారు. యమునాబాయి ఈ కొస నుంచి ఆ కొసకు, సుమిత్ర ఆ కొస నుంచి ఈ కొసకు. ఎండ ఎక్కింది. వానాకాలపు ఎండ, చురుక్కుమనే ఎండ. మధ్యలో దువ్వుతుంటే కొసన ఆరుతోంది, కొసకు ఉరికితే మధ్యలో ఆరుతోంది. దువ్వకుండా ఆరితే అంతే సంగతులు. గడపల్లో కొత్త ధోవతులు కట్టుకున్న మగవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఒకరిద్దరికి చేతులు గులగులలాడాయి. నేతగాడి చెయ్యి అట్లాంటిది. కానీ అందరి ఇళ్ళలోనూ కుంచెలు గోడకు వేలాడుతున్నాయి, వాటికి కుంకుమ బొట్లు ఉన్నాయి.

"వదినె, గీడ అంటుకుంటున్నయి," అంది సుమిత్ర.

"వేళ్ళతోటి ఇడదియ్యి. నేనొస్తున్న."

అప్పుడే గల్లీ మొదట్లో తాళాలు వినపడ్డాయి.

పల్లకి అనుకున్నదానికంటే ముందే వచ్చింది. దాని ముందు వాసుదేవ్ శేట్ నడుస్తున్నాడు. పేట్‌లో పెద్ద కార్ఖానా ఆయనది. వాళ్ళ నాన్న ఇదే గల్లీలో గుంట మగ్గం మీద నేశాడు. ఈయన నెయ్యడు, నేయిస్తాడు. నుదుటి మీద అడ్డంగా బెత్తెడు గంధం, మెడలో మూడు పేటల తులసి మాల, పట్టు ధోవతి. ఏకాదశికి నీళ్ళు కూడా తాగడు. ఇది నిజం, ఎగతాళి కాదు. పండరీపురానికి నడిచి పోయాడు. గుడిలో దీపం ఆయన ఇంటి నుంచే. పల్లకి వెంట పోయే పట్టు గొడుగు, బ్యాండు, జెండాలు అన్నీ ఆయన ఏర్పాటే.

పల్లకిలో మార్కండేయుడి వెండి ముఖం. మోసే కర్రల్లో ముందు దండె ముసలి పెంటప్ప భుజం మీద. వాళ్ళ తాత నుంచి ఆ దండె వాళ్ళదే. పెంటప్ప ఆదివారం సేంది తాగుతాడు. బుగ్గన పొగాకు లేకపోతే మాట రాదు. గుడికి ఏడాదికి ఒక్కసారి, అదీ పల్లకి కిందనే వెళ్తాడు. వాసుదేవ్ శేట్‌కు ఇది ముల్లులా ఉంటుంది. దేవుడికి ముందు నిలబడేవాడి నోట్లో పొగాకు ఏమిటని కులపెద్దల పంచ్ మండలిలో రెండుసార్లు లేవదీశాడు. తాతల నాటి హక్కు అని మిగతావాళ్ళు ఊరుకున్నారు.

శేట్ పడుగు ముందుకు వచ్చి ఆగాడు. బ్యాండు ఆగింది.

"ఏంది ఇది?"

"పడుగు, శేట్," అంది యమునాబాయి. కుంచె ఆపలేదు.

"పడుగని నాకు కండ్లు లేవా? ఇయ్యాల ఏం దినం?"

"పున్నమ. వానకు నాలుగు దినాల సంది తడిగ పడున్నది. ఇయ్యాల ఎండకుంటె కుళ్ళిపోతది. జర్ర ఆగుండ్రి, సగం ఆరింది. ఆరంగనే ఎత్తేస్త."

"జర్ర అంటే ఎంత?"

ఆమె ఎండ వైపు చూసింది, పడుగు వైపు చూసింది. అబద్ధం చెప్పడం ఆమెకు రాలేదు. "ఇద్దరమే దువ్వుతున్నం. తొందరగ కాదు."

శేట్ వెనక్కి తిరిగి, పల్లకి వెంట వచ్చిన పడుచువాళ్ళతో అన్నాడు: "ఎత్తుండ్రిరా. పక్కకు పెట్టుండ్రి."

ఆ గల్లీలో నిలబడ్డ ప్రతి మగవాడికీ తెలుసు, తడి పడుగు ఎత్తితే ఏమవుతుందో. శేట్‌కూ తెలుసు. తెలియకపోవడం అనేది అక్కడ లేదు. అందరూ గంజి వాసనలో పుట్టినవాళ్ళే. తెలిసీ ఇద్దరు పడుచువాళ్ళు ముందుకు వచ్చి కత్తెర కర్ర మీద చెయ్యి వేశారు.

యమునాబాయి చేతిలో కుంచెతోనే వాళ్ళకు అడ్డంగా నిలబడింది. "ఎత్తితె అతుక్కుంటది, అన్నా. మీకు నేను చెప్పాలెనా?"

వాళ్ళు శేట్ ముఖం చూశారు. పెద్ద కార్ఖానా ఆయనది కాబట్టి ఆయన ముఖం అందరూ చూస్తారు. ఆయన మెత్తగానే మాట్లాడాడు. "చూడు యమునాబాయి, నీ మీద నాకు కోపం లేదు. అవతల పెద్ద గుడి కాడ రథం ఎల్లే యాల్ల అయితున్నది. అన్ని పేట్‌ల పల్లకీలు వచ్చి ఉంటయి. మన పల్లకి లేకుంటె మన జాగ పోతది. ఒక్క ఇంటి కోసం ఊరి దేవుణ్ణి ఆపుతరా? దేవుని పని ముందు, కడుపు పని తర్వాత."

వెనకనుంచి భజన చేసే అంబాదాస్ గొంతు సర్దుకున్నాడు. మనిషి మంచివాడు, కాని ధైర్యం తక్కువ. "శేట్, పల్లకి మళ్ళించుకొని సడక్ మీదికెల్లి పోతె..."

"ఏం మాట్లాడుతున్నవ్ అంబాదాస్? ఎత్తిన పల్లకి ఎన్నడన్న వెనకకు తిరిగిందా? మీ తాత తిప్పిండా, మా తాత తిప్పిండా?"

"పోనీ జరసేపు దించి..."

"గుడి చేరేదాక నేలకు తాకరాదు. ఇది కూడ నేనే చెప్పాలె?"

"మరి ఎట్ల?"

"ఎట్ల ఏంది? పడుగు ఎత్తుండ్రి, పల్లకి నడువుండ్రి. అంతే."

పెంటప్ప పొగాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. దండె భుజం మీద కాస్త సర్దుకున్నాడు.

"అయితే తేలిపాయె శేట్," అన్నాడు. "వెనకకు తిరగరాదు. కింద పెట్టరాదు. రెండు మీరే చెప్తిరి. ఇగ మిగిలింది నిలబడుడే. నిలబడుతం."

"పెంటప్పా, ముందుకు నడువు."

"యాడికి నడువాలె? ఈ పడుగు సూతం మీదికెల్లా?"

"వాళ్ళు ఎత్తుతున్నరు గద."

"ఎత్తితె నేను కదుల."

శేట్ ముఖం ఎర్రబడింది. కాని పండుగ పూట, నలుగురి ముందు. గొంతు పెంచలేదు. "దేవుడు ఎదురు చూడాల్నా, ఒక పడుగు కోసం?"

"శేట్, ఒక మాట అడుగుత. కోపం చేయకుండ్రి. మార్కండేయుని కొడుకు ఏం పని చేసిండు?"

గడపల్లో ఎవరో నవ్వారు. ఆ ప్రశ్నకు ఆ పేట్‌లో పాలు తాగే పిల్ల కూడా జవాబు చెబుతుంది. మార్కండేయుడి కొడుకు భావనారుషి. దేవతల ఒంటికి మొదటి బట్ట నేసినవాడు. అందరి గోత్రాలూ అక్కడి నుంచే.

"నాకు పురాణం చెప్తున్నవా?" అన్నాడు శేట్.

"నాకు పురాణం యాడ వస్తది. మీరు చెప్తుంటె విన్నదే. కొడుకు నేసెటోడు. మరి ఆ కొడుకు ఇంటి ముందర ఎన్నిమార్లు తడి పడుగు ఉన్నదో, ఆ తండ్రి ఎన్నిమార్లు పక్కకెల్లి పోయిండో. ఆయనకు తెల్వదా ఆగుడు? మనకే తెల్వది."

శేట్ ఎవరైనా ఏమైనా అంటారని చూశాడు. ఎవరూ అనలేదు. శేట్ తప్పని ఎవరూ అనలేదు, పెంటప్ప ఒప్పని కూడా అనలేదు. సరిగ్గా ఇక్కడే మనవాళ్ళు ఎప్పుడూ ఆగిపోతారు. దూరంగా పెద్ద గుడి వైపు నుంచి నగారా వినపడింది.

"సరే," అన్నాడు శేట్ చివరికి. "నేను ముందల పోయి లైన్ల జాగ పట్టిపిస్త. మీరు తొందరగ రాండ్రి. దీని సంగతి మండలిల మాట్లాడుదం." పెంటప్ప వైపు చూసే ఆ మాట అన్నాడు.

పల్లకి వెనక్కి తిరగకూడదు గాని శేట్ తిరగవచ్చు. తిరిగాడు. ఆయన వెంట బ్యాండు తిరిగింది, జెండాలు తిరిగాయి, పట్టు గొడుగు కూడా తిరిగింది. సడక్ మీదకు పోయి మళ్ళీ వాయించడం మొదలుపెట్టారు. దేవుడు మాత్రం గల్లీలో, గొడుగు లేకుండా, నెత్తి మీద ఎండతో, నలుగురి భుజాల మీద మిగిలాడు.

గంగుబాయి అరుగు మీదికి ఎక్కి కూర్చొని చేట అందుకుంది. "పోనీలే. సప్పుడు తగ్గింది," అంది.

యమునాబాయి అప్పటికే మధ్యకు ఉరికింది. మాటల్లో పడి కుంచె ఆగింది. మధ్యలో జానెడు మేర పోగులు అతుక్కుంటున్నాయి. వేళ్ళు దూర్చి విడదీస్తోంది. సుమిత్ర ఒక్కతే కొస నుంచి కొసకు ఉరుకుతోంది. పల్లకి ఆగింది సరే. పల్లకి ఆగితే పడుగు ఆరదు. చేతులు కావాలి.

పెంటప్ప దండె కింద నుంచే చూశాడు. "అంబాదాస్."

"ఏంది కాకా?"

"తాళాలు కొట్టుకుంట నిలబడితె దేవుడు పొద్దువోక చూస్తడా? పోయి కుంచె పట్టు."

అంబాదాస్ తన కొత్త ధోవతి చూసుకున్నాడు. జంధ్యం మీద చెయ్యి పోయింది. "నాకైతె పట్టాల్ననే ఉన్నది. పొద్దుగాలనే మార్సుకున్న. గంజి ముడితె..."

గంగుబాయి చేటలోంచి తల ఎత్తకుండానే అంది: "ఆ జంధ్యం దేంతోటి చేసిండ్రురా?"

"సూతంతోటి."

"మెడల ఏసుకుంటె పుణ్యం, చేత్తోటి ముడితె పాపమా? గిదేం లెక్కరా అయ్యా. నీ ఒంటి మీద ఆ పోగు నిలబడాల్నంటె ముందుగాల ఎవ్వరో ఒకరు గిట్ల ఎండల దువ్వాలె గద."

అంబాదాస్ నవ్వాడు. నవ్వు వచ్చినాక భయం ఉండదు. తాళాలు తీసి గంగుబాయి అరుగు మీద పెట్టాడు. ధోవతి మోకాళ్ళ పైకి దోపుకున్నాడు. తన ఇంట్లోకి పోయి గోడ మీది కుంచె తీసుకొచ్చాడు. దాని మీద కుంకుమ బొట్టు ఇంకా తడిగా ఉంది. పడుగు పక్కన నిలబడి మొదటి దువ్వు దువ్వాడు. బొట్టు చెరిగి నాలుగు పోగులు ఎర్రబడ్డాయి.

"ఆ ఎరుపు అంచుకు పోనియ్యి," అంది యమునాబాయి. ఆ పొద్దున ఆమె కంగారు లేకుండా అన్న మొదటి మాట అది.

ఆ తర్వాత గడపల్లోంచి ఒకడు దిగాడు. వాణ్ణి చూసి పక్కింటివాడు. ఇందాక కత్తెర కర్ర మీద చెయ్యి వేసిన పడుచువాళ్ళిద్దరూ కాసేపు నేల చూసి, తర్వాత చెరొక కుంచె అడిగి తెచ్చుకున్నారు. కొందరు దిగలేదు. వాళ్ళ ఆచారం వాళ్ళది, గడపల్లోనే నిలబడ్డారు. వాళ్ళలో ఒకాయన "నూనె చెయ్యి ఇయ్యాల్నే చివరకు, లేకుంటె పెళుసైతది" అని అక్కడి నుంచే సలహా ఇచ్చాడు. సలహాకు మైల ఉండదు కదా.

కాని ఆయన చెప్పింది నిజమే. పడుగు ఆరబోయే ముందు కుంచెకు కాస్త నూనె రాసి దువ్వాలి. యమునాబాయి ఇంట్లో నూనె బుడ్డి జ్వరం మనిషి ఒంటికి రాయడంతో అడుగంటింది. గంగుబాయి ఇంట్లో నూనె ఎప్పుడూ ఉండదు. మిగతా ఇళ్ళలో నూనె పండుగ మూకుళ్ళలో కాగుతోంది.

పల్లకి వెనక దండె పక్కన దేవుడి దీపం, దాని కోసం ఇత్తడి చెంబులో కొబ్బరి నూనె ఉన్నాయి. శేట్ ఇంటి నూనె, మంచి నూనె.

"కాకా," అన్నాడు అంబాదాస్ మెల్లగా, "దీపం నూనె..."

"పట్టపగలు దీపం ఎవరికి కావాలె?" అన్నాడు పెంటప్ప. "ఆయనకు మన ముఖాలు కనపడుతనే ఉన్నయి. తీస్కో. ఒత్తి తడిసేటంత ఇడువు, ఆరిపోతె శేట్ నన్ను ఆర్పుతడు."

నూనె కుంచెలకు ఎక్కింది. పడుగు మీద వాసన మారింది. పులిసిన వాసన పోయి కొబ్బరి వాసన వచ్చింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, భజన మొదలైంది. తాళాలు లేవు, కుంచె తాళమే తాళం. పల్లకి ముందు పాడేటప్పుడు కుదరని గొంతులు అక్కడ కుదిరాయని చెప్పను. కుదరలేదు. ఒకడు ముందు, ఒకడు వెనక. అయినా చేతులు ఒక్కటిగా కదిలాయి.

మోసేవాళ్ళు వంతులు మార్చుకున్నారు. పెంటప్ప మాత్రం మార్చుకోలేదు. అంబాదాస్ రెండుసార్లు వచ్చి అడిగాడు.

"కాకా, భుజం మార్చు. నేను పడుత."

"వద్దు. నేను ఇడిసిన్నంటె ఎవడో ఒకడు నడిపిస్తడు. ఆరనీ."

ముసలి భుజం. దండె కింద తోలు కందిపోయింది. కాళ్ళు ఒకదాని మీంచి ఒకదాని మీదికి బరువు మార్చుకుంటున్నాడు. లోపల సిద్ధరాములు మంచం మీంచి లేచి, బొంత కప్పుకొనే గడప దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి పెంటప్ప నోటికి అందించాడు. పెంటప్ప పొగాకు ఉమ్మి, పుక్కిలించి తాగాడు. దేవుడి ముందు ఉమ్మాడు. శేట్ ఉంటే దానికీ ఒక మాట అనేవాడు.

నీడ యమునాబాయి గోడ మొదటికి జరిగినప్పుడు ఆమె పడుగు మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. వేళ్ళకు తడి తగల్లేదు. గలగలమని చిన్న చప్పుడు. ఎండిన పడుగు చేసే చప్పుడు.

"అయ్యింది," అంది.

చుట్టి ఎత్తారు. కర్రలు పీకారు. గల్లీ తెరుచుకుంది.

పల్లకి నడిచింది. పేట్‌లో ప్రతి ఇంటి ముందూ ఆగుతుంది, ఇంటావిడ హారతి ఇచ్చి కొబ్బరికాయ కొడుతుంది. యమునాబాయి గడప ముందు పెంటప్ప ఆగాడు. ఆమె కంగారు పడింది. స్నానం చేయలేదు, హారతి లేదు, టెంకాయ లేదు. చేతులు మోచేతుల దాకా గంజి.

"నడువు కాకా. నా తాన ఏం లేదు."

"చెయ్యి ఉన్నది గద. దండె మీద పెట్టు."

"గంజి చేతులు."

"గంజి కాకుంటె గంధం ఉంటదా మన చేతులకు? పెట్టు బిడ్డా, భుజం వొంగుతున్నది."

ఆమె చెయ్యి పెట్టింది. తీశాక నల్లటి దండె మీద అయిదు వేళ్ళు తెల్లగా కనిపించాయి.

పెద్ద గుడి దగ్గరికి చేరేసరికి రథం కదిలిపోయింది. మిగతా పేట్‌ల పల్లకీలు రథం వెంట వెళ్ళాయి. భవాని పేట్ గల్లీ పల్లకి అన్నిటికంటే చివర చేరింది. వాసుదేవ్ శేట్ గుడి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పట్టు గొడుగు విప్పి పట్టుకున్న మనిషి పక్కనే ఉన్నాడు. గొడుగు కింద ఏమీ లేదు. ఇంతసేపూ వచ్చేపోయేవాళ్ళు "దేవుడేడి శేట్?" అని అడుగుతుంటే ఆయన "వస్తున్నడు, వస్తున్నడు" అంటూ ఉన్నాడట. బ్యాండువాళ్ళు తర్వాత ఈ సంగతి చెప్పుకొని వారం పాటు నవ్వుకున్నారు.

శేట్ పల్లకి దగ్గరికి వచ్చాడు. దండె మీది చెయ్యి గుర్తు చూశాడు. ఉత్తరీయం కొసతో రుద్దాడు. ఎండిన గంజి పొడి బట్టకు పోదు, తడి బట్ట కావాలి. ఆ సంగతి ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు, వాళ్ళ నాన్న గుంట మగ్గం పక్కన పెరిగినవాడు. నీళ్ళ కుండ మెట్ల పక్కనే ఉంది. ఆయన కుండ వైపు చూశాడు. తర్వాత ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు.

"ఎవరిదిది?" అని మాత్రం అడిగాడు.

"చెయ్యిదే," అన్నాడు పెంటప్ప.

మండలి కూర్చుంది. శేట్ అన్న మాట తప్పలేదు. పెంటప్ప నుంచి దండె తీసి శేట్ వాళ్ళ అన్నగారి కొడుక్కు ఇచ్చారు. చేతులెత్తినవాళ్ళలో ఆ రోజు కుంచె పట్టినవాళ్ళూ ఇద్దరున్నారు. మనుషులు అట్లాగే ఉంటారు. ఒక పొద్దు మంచిగా ఉంటే జీవితమంతా అట్లాగే ఉంటారని రాసేవాళ్ళు రాసుకోనీండి. పెంటప్ప వాదించలేదు. "మంచిదే, భుజం నొస్తనే ఉన్నది," అని లేచి పోయి సేంది దుకాణంలో కూర్చున్నాడు. ఆదివారం కూడా కాదు. మరి మనసుకు నొప్పి తగల్లేదా అంటే, తగిలింది. మూడు తరాల దండె. కొడుకు ముఖం చూడలేక రెండు రోజులు ఇంటికి ఆలస్యంగా పోయాడు.

ఇక పడుగు. అందులో ఒక్క పోగు తెగలేదని చెబితే అది అబద్ధం. చాలా తెగాయి. భజన చేసేవాళ్ళు తాళంలో పడి గట్టిగా దువ్వారు. మధ్యలో అతుక్కున్న జానెడు మేర మగ్గం మీద యమునాబాయిని ఏడిపించింది. ప్రతి తెగిన పోగూ ముడివేసి, తిట్టి, మళ్ళీ నేసింది. సిద్ధరాములు జ్వరం తగ్గినాక తనూ కూర్చున్నాడు. చీరలు దిగాయి. మొదటి చీర అంచు దగ్గర నాలుగు పోగులు లేత ఎరుపులో ఉన్నాయి. నూలిచ్చి చీరలు తీసుకునే వ్యాపారి అది రంగు తప్పనుకొని గొణిగాడు, కాని తీసుకున్నాడు. దీపావళి దాకా పొయ్యి ఆరలేదు.

మరుసటి ఏడు నారళి పున్నమి వచ్చింది. ఆ ఏడు వాన ముందే పడి ముందే పోయింది. పెంటప్ప పొద్దున్నే తన అరుగు మీద కూర్చున్నాడు, బుగ్గన పొగాకు, భుజాన ఏమీ లేదు. పల్లకి ఇంకా రాలేదు. గల్లీ మొదట్లో బ్యాండువాడొకడు కనిపించాడు. వాయించడం లేదు. మెల్లగా నడుచుకుంటూ వచ్చి గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"ఏంరా, తొవ్వ తప్పినవా?" అన్నాడు పెంటప్ప.

"శేట్ పంపిండు కాకా. పల్లకి ఎత్తకముందే పోయి అడిగి రమ్మన్నడు. గల్లీల ఎవరిదన్న తడి పడుగు ఉన్నదా అని. ఉంటె ఆరినంకనే ఎత్తుతరంట."

ఎదురరుగు మీద గంగుబాయి చేతులు ఒక్క క్షణం ఆగాయి. శేట్ ఆ మాట భక్తితో అన్నాడో, మళ్ళీ ఖాళీ గొడుగుతో నిలబడాల్సి వస్తుందని అన్నాడో ఎవరికీ తెలియదు. గల్లీకి దానితో పని కూడా లేదు. అడగడానికి మనిషి వచ్చాడు, అది చాలు.

పెంటప్ప యమునాబాయి గడప వైపు చూశాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి లేదన్నట్టు తల ఊపింది. ఆమె పడుగు మగ్గం మీదికి ఎప్పుడో ఎక్కింది.

"ఎవ్వరిది లేదు," అన్నాడు పెంటప్ప. "ఎత్తుమను. ఉంటె నేనే వచ్చి చెప్పకపోదునా."